నోవి సాద్ దగ్గర డాన్యూబ్ తీరం: వైన్, నది బీచ్, పాత మఠాలు చూసి రావడానికి సమగ్ర మార్గదర్శి

సెర్బియా వెళ్లేవాళ్లలో చాలామంది బెల్‌గ్రేడ్‌లో దిగి, మధ్యలో ఒక పూట ఖాళీ చేసుకుని నోవి సాద్ చూసి వచ్చేస్తారు. పొద్దున రైలెక్కడం, కోట దగ్గర ఫోటోలు, మధ్యాహ్నం భోజనం, సాయంత్రానికి వెనక్కి. అలా వెళ్తే కోట చూసినట్టే గానీ ఆ ఊరు చూసినట్టు కాదు. అక్కడ జీవితం సాయంత్రం మొదలవుతుంది. పని ముగించుకున్న జనం తువ్వాలు భుజాన వేసుకుని నది ఒడ్డుకు వస్తారు, చేపల హోటళ్లు రాత్రి దాకా కళకళలాడుతుంటాయి, కొండ మీది వైన్ సెల్లార్‌లో ఒకసారి కూర్చుంటే రెండు మూడు గంటలు ఇట్టే గడిచిపోతాయి. అందుకే నేను గట్టిగా చెప్పేది ఒక్కటే: నోవి సాద్‌లో కనీసం మూడు రాత్రులు, వీలైతే నాలుగు ఉండేలా ప్లాన్ చేసుకోండి. కింది వివరాలన్నీ ఆ లెక్కలోనే రాస్తున్నాను.

ముందు ఆ నేల ఎలా ఉంటుందో తెలుసుకుంటే మిగతాదంతా సులువు. డాన్యూబ్ సెర్బియాలో 588 కిలోమీటర్లు ప్రవహిస్తుంది. నోవి సాద్ దగ్గర ఎడమ ఒడ్డున అంతా చదును నేల, దాన్ని బాచ్కా అంటారు. కుడి ఒడ్డున స్రెమ్ ప్రాంతం, అందులో నదికి సమాంతరంగా సాగే ఫ్రుష్కా గోరా కొండలు. పేరుకు కొండలే గానీ ఎత్తైన శిఖరం 539 మీటర్లు మాత్రమే. ఆ వాలుల్లోనే ద్రాక్షతోటలు, అడవుల మధ్య సెర్బియన్ ఆర్థడాక్స్ మఠాలు. ఊరు ఎడమ ఒడ్డున, కోట కుడి ఒడ్డున. ఈ నాలుగు రోజులూ మీరు తిరిగేది ఈ రెండు ఒడ్డుల మధ్యే.

1. నెల ఎంచుకోవడం

నదిలో ఈతా కావాలి, ద్రాక్ష కోతా చూడాలి అంటే ఆగస్టు చివరి వారం నుంచి సెప్టెంబరు మొదటి పది రోజుల దాకా మంచి సమయం. నీళ్లు ఇంకా వెచ్చగానే ఉంటాయి, తోటల్లో కోత మొదలవుతుంది. వసంతంలోనూ వేసవి మొదట్లోనూ ఆల్ప్స్ మంచు కరిగి, వానలు కూడా తోడై నది నిండుగా పారుతుంది. అప్పుడు బీచ్ ఇసుక సగం నీళ్ల కిందే ఉండొచ్చు. వేసవి చివరికి నీటిమట్టం తగ్గి ఇసుక బయటపడుతుంది.

ఈత మీద పెద్దగా మోజు లేనివాళ్లు సెప్టెంబరు చివర్లో వెళ్లండి. అప్పుడు స్రెమ్‌స్కి కార్లోవ్‌త్సిలో గ్రోజ్డెబాల్ అనే ద్రాక్ష పండుగ జరుగుతుంది. జూన్ అయితే ఫ్రుష్కా గోరాలో లిండెన్ చెట్లు పూస్తాయి. ఆ వాసన అడవంతా పట్టేస్తుంది, అక్కడి తేనెకు పేరొచ్చింది కూడా ఆ పూల వల్లే. జనవరి, ఫిబ్రవరిలో చలికీ పొగమంచుకీ నది ఒడ్డున చేసేది ఏమీ ఉండదు.

2. వీసా, డబ్బు, రిజిస్ట్రేషన్

ఒకప్పుడు మన పాస్‌పోర్టుకు సెర్బియా వీసా అక్కర్లేదు. 2023 జనవరి 1 నుంచి ఆ సౌకర్యం తీసేశారు. పాత యూట్యూబ్ వీడియోలు నమ్మి టికెట్ కొనొద్దు. చెల్లుబాటులో ఉన్న షెంగెన్ (హంగేరీ, జర్మనీ లాంటి చాలా ఐరోపా దేశాలకు పనికొచ్చే ఒకే వీసా), యూకే లేదా అమెరికా వీసా ఉంటే సెర్బియా వీసా లేకుండానే వెళ్లనిస్తారు, 180 రోజుల్లో 90 రోజుల దాకా. మీరు అక్కడ ఉన్నన్ని రోజులూ ఆ వీసా చెల్లుబాటులో ఉండాలి. టికెట్ బుక్ చేసే ముందు సెర్బియా విదేశాంగ శాఖ సైట్‌లో ఒకసారి సరిచూసుకోండి. అమెరికాలో, యూకేలో, జర్మనీలో ఉంటున్న తెలుగువాళ్లకు ఇది బాగా కలిసొచ్చే వెసులుబాటు.

ఒక జాగ్రత్త: సెర్బియా షెంగెన్‌లో లేదు. హంగేరీ నుంచి సెర్బియాకు వచ్చి మళ్లీ హంగేరీకి వెళ్లాలంటే మీ షెంగెన్ వీసా మల్టిపుల్ ఎంట్రీ అయ్యుండాలి. ఇది చూసుకోకుండా వెళ్తే తిరుగు ప్రయాణంలో బోర్డర్ దగ్గర టెన్షన్ తప్పదు.

దేశంలో దిగిన 24 గంటల్లో మీ బస వివరాలు పోలీసు రికార్డులో నమోదు కావాలి. హోటల్ అయితే వాళ్లే చేస్తారు. అపార్ట్‌మెంట్ తీసుకుంటే ఇంటి ఓనర్‌ను అడిగి చేయించుకోండి.

కరెన్సీ దినార్. యూరోకు సుమారు 117 దినార్లు, ఈ రేటు కొన్నేళ్లుగా పెద్దగా మారడం లేదు. ఊళ్లో కార్డులు నడుస్తాయి. బీచ్ టికెట్‌కీ, పల్లె సెల్లార్లకీ, మఠాల్లో తేనె కొనడానికీ చిల్లర నోట్లు దగ్గర ఉంచుకోండి.

3. చేరుకోవడం, బస

హైదరాబాద్ నుంచి వెళ్లేవాళ్లకు దుబాయ్ లేదా దోహా మీదుగా బెల్‌గ్రేడ్ చేరడం సులువు. బెల్‌గ్రేడ్ నుంచి నోవి సాద్‌కు 2022 మార్చి నుంచి సోకో అనే హైస్పీడ్ రైలు నడుస్తోంది. వేగం గంటకు 200 కిలోమీటర్లు. మధ్యలో ఆగని రైలైతే 36 నిమిషాల్లో చేరిపోతారు. టికెట్ తీసుకునేటప్పుడు రైలు నోవి సాద్‌లో ఆగుతుందా, నది అవతల పెట్రోవరదిన్‌లో ఆగుతుందా అన్నది చూసుకోండి.

దీని వెనక ఒక విషాదం ఉంది. 2024 నవంబరు 1న నోవి సాద్ స్టేషన్ ముందున్న కాంక్రీటు పైకప్పు కూలి 16 మంది చనిపోయారు. ఆ తర్వాత విద్యార్థులు మొదలుపెట్టిన ఉద్యమం దేశమంతా పాకింది. ఊళ్లో గోడల మీద ఎర్రటి అరచేతి ముద్రలు కనిపిస్తే అవి ఆ ఉద్యమానివే. చనిపోయినవాళ్లలో ఒక్కొక్కరికి ఒక్కో నిమిషం చొప్పున రోడ్డు మీద మౌనంగా నిలబడే సంప్రదాయం అప్పుడే మొదలైంది. అలాంటి చోట మీరు తారసపడితే ఫోన్ పక్కన పెట్టి వాళ్లతో పాటు నిలబడండి.

బస పాత ఊరి మధ్యలో, దునావ్‌స్కా వీధికీ నది గట్టుకీ దగ్గరలో చూసుకోండి. అక్కడి నుంచి కోటకూ, బజారుకూ నడిచే వెళ్లొచ్చు.

4. మొదటి సాయంత్రం: కోట ఎక్కండి

సామాను గదిలో పడేసి, సూర్యాస్తమయానికి గంటన్నర ముందు వరాదిన్ వంతెన దాటి పెట్రోవరదిన్ కోటకు నడవండి. ఆస్ట్రియన్లు దీన్ని 1692లో మొదలుపెట్టి 1780లో ముగించారు. కోట కింద నాలుగు అంతస్తుల్లో సుమారు 16 కిలోమీటర్ల సొరంగాలున్నాయి. గైడ్‌తో అందులో కొంత భాగమే చూపిస్తారు, ఆసక్తి ఉంటే మరుసటి రోజు పగలు వెళ్లండి.

పైన తెల్లటి గడియారపు బురుజు దగ్గర కాసేపు నిలబడి ముళ్లను గమనించండి. పెద్ద ముల్లు గంటలు చూపిస్తుంది, చిన్న ముల్లు నిమిషాలు. నదిలో దూరంగా పడవల మీద ఉన్నవాళ్లకు గంట ఎంతయిందో కనిపించాలని అలా పెట్టారు. దాని కిందనుంచే డాన్యూబ్ మలుపు తిరుగుతుంది, ఎదురుగా నోవి సాద్ మొత్తం పరుచుకుని ఉంటుంది. ఊళ్లో ఎక్కడెక్కడ ఏముందో మొదటి రోజే ఇక్కడి నుంచి చూసుకుంటే, తర్వాత మ్యాప్ అవసరం చాలా తగ్గుతుంది.

ఎగ్జిట్ అనే పెద్ద మ్యూజిక్ ఫెస్టివల్ 2001 నుంచి ఈ కోటలోనే జరిగేది. 2025లో జరిగేదే సెర్బియాలో చివరిదని ఆ ఏడాది నిర్వాహకులు ప్రకటించారు. కేవలం దానికోసమే వెళ్లాలనుకుంటే ముందు ఆ ఏడాది సంగతి కనుక్కోండి.

కోట నుంచి కనిపించే వంతెనలన్నీ ఈమధ్య కట్టినవే. 1999 ఏప్రిల్‌లో నాటో బాంబుదాడుల్లో ఇక్కడి మూడు డాన్యూబ్ వంతెనలూ కూలిపోయాయి. వాటిలో రైలు వెళ్లే జెజెల్ వంతెన 2018లో గానీ మళ్లీ పూర్తి కాలేదు. ముప్పై ఐదు దాటిన ఎవరిని అడిగినా ఆ రోజులు గుర్తుంటాయి. వాళ్లంతట వాళ్లు చెప్తే వినండి, తవ్వి అడగొద్దు.

5. ష్ట్రాండ్: నది బీచ్‌లో ఒక పగలు

సముద్రం లేని దేశానికి బీచ్ ఏమిటి అనిపించొచ్చు. ష్ట్రాండ్ 1911 నుంచి ఉంది. స్లోబోదె వంతెన పక్కనే పొడవైన ఇసుక తీరం, దాని వెనక పెద్ద పెద్ద చెట్ల నీడ. సీజన్‌లో చిన్న మొత్తం ప్రవేశ రుసుము ఉంటుంది. లోపల వరుసగా చిన్న చెక్క క్యాబిన్లు కనిపిస్తాయి. ఏళ్ల తరబడి ఒకే కుటుంబం ఒకే క్యాబిన్‌కు వచ్చి మడత కుర్చీలు తీసి, చదరంగం బల్ల పరిచి, పుచ్చకాయ కోసుకుని సాయంత్రం దాకా అక్కడే గడుపుతుంది. తాతలు, మనవలు, కాలేజీ పిల్లలు, అందరూ ఒకే ఇసుకలో.

పదకొండు గంటల ప్రాంతంలో వెళ్లి నీడ ఉన్న చోటు పట్టుకోండి. వంతెన కింద నీడలో వాలీబాల్ ఆడుతుంటారు, అడిగితే మిమ్మల్నీ కలుపుకుంటారు. మధ్యాహ్నం ఎండ ఎక్కువైతే చెట్ల కింద ఒక కునుకు తీయండి. మళ్లీ ఐదింటికి నీళ్లలోకి దిగొచ్చు. అప్పుడే ఉద్యోగాల నుంచి వచ్చే రెండో గుంపు మొదలవుతుంది, నాకు ఆ సమయమే అన్నిటికన్నా ఇష్టం.

ఈత విషయంలో మాత్రం చాలా జాగ్రత్త. పైకి నిశ్చలంగా కనిపించినా డాన్యూబ్ లోపల ప్రవాహం బలంగా లాగుతుంది. నీళ్ల మీద తేలే బోయాలు కట్టిన హద్దు దాటొద్దు, లైఫ్‌గార్డులు లేని ఒడ్డున అసలు దిగొద్దు. మందు తాగి నీళ్ల జోలికి పోవద్దు. పిల్లలుంటే చేయి వదలకండి. నీళ్లు మింగకుండా చూసుకుని, బయటికి రాగానే షవర్ కింద స్నానం చేయండి. సీజన్‌లో నీటి పరీక్షల ఫలితాలు ప్రకటిస్తారు, హోటల్ రిసెప్షన్‌లో అడిగితే చెప్తారు.

స్విమ్‌సూట్ గురించి మొహమాటం వద్దు. టీషర్టు, షార్ట్స్‌తో కూర్చున్నా, నీళ్లలో దిగకుండా ఒడ్డునే పుస్తకం చదువుకున్నా ఎవరూ వింతగా చూడరు. కాస్త జనం తక్కువ ఉండాలంటే పెట్రోవరదిన్ వైపున్న ఒఫిత్సిరాత్స్ ఒడ్డుకు వెళ్లండి. అక్కడ కూర్చుని అవతల ఊరిని చూడటం బావుంటుంది గానీ, ఈతకు ష్ట్రాండే మేలు.

6. చేపల పులుసు, సోడా కలిపిన వైన్

నది ఒడ్డు చేపల హోటళ్లను చార్దా అంటారు. అక్కడ రిబ్ల్యా చోర్బా తినకుండా రావొద్దు. ముక్కాలి కర్రలకు వేలాడదీసిన బాణలిలాంటి పాత్రలో, కట్టెల మంట మీద ఉల్లిపాయలు ముద్దగా కరిగేదాకా ఉడికిస్తారు. కార్ప్ చేప, వాలుగ జాతి చేప ముక్కలు వేసి పైన ఎండు మిరప పొడి ధారాళంగా చల్లుతారు. గరిటె పెట్టి కలపరు, ముక్క చితికిపోకుండా పాత్రనే అటూ ఇటూ తిప్పుతారు. వడ్డించేటప్పుడు ఇంట్లో చేసిన నూడుల్స్ మీద ఎర్రటి పులుసు పోసి, చేప ముక్కలు వేరే పళ్లెంలో పెడతారు. మన చేపల పులుసుకు దగ్గర బంధువే, చింతపండు మాత్రం ఉండదు. కారం ఎక్కువ కావాలంటే ల్యూతో అని చెప్పండి.

దీనితో పాటు స్థానికులు తాగేది ష్ప్రిత్సెర్, అంటే చల్లటి తెల్ల వైన్‌లో సోడా. వేసవి పగలు నేరుగా వైన్ తాగడం కన్నా ఇది శరీరానికి తేలిక. కొన్ని చార్దాల్లో తంబురిత్సా అనే తీగ వాద్యాల బృందం టేబుల్ దగ్గరికే వచ్చి పాడుతుంది. పాట అడిగితే వాళ్లకు కొంత డబ్బు ఇవ్వడం మర్యాద. గ్లాసు ఎత్తి జివెలి అన్నప్పుడు ఎదుటివాళ్ల కళ్లలోకి చూడాలి.

శాకాహారులకు ఒక్క మాట ఎంతో పనికొస్తుంది: పోస్నో. ఆర్థడాక్స్ ఉపవాసాల్లో తినే తిండి అది. మాంసం, పాలు, గుడ్లు ఉండవు. చేప మాత్రం ఉండొచ్చు, కాబట్టి బెజ్ రిబె అని కూడా చేర్చండి. కాల్చిన బీన్స్‌తో చేసే ప్రెబ్రనాత్స్, కాల్చిన ఎర్ర మిరపల ఐవార్, సెర్బియన్ టమాటా సలాడ్ ఎక్కడైనా దొరుకుతాయి. పాలు తినేవాళ్లకు చీజ్ పొరల గిబనిత్సా ఉంది. ఆలుబుఖారా పండు పెట్టి బంగాళాదుంప పిండితో చేసే ఉండలు ఈ వోయ్‌వోదినా ప్రాంతపు వంట. అవి కనిపిస్తే వదలొద్దు.

7. స్రెమ్‌స్కి కార్లోవ్‌త్సి: వైన్ రోజు

ఈ ప్రయాణం మొత్తంలో ఒక రోజును పూర్తిగా దీనికే ఇవ్వండి. నోవి సాద్ నుంచి పది పన్నెండు కిలోమీటర్లు, సిటీ బస్సులోనే వెళ్లొచ్చు. కారు తీసుకోకండి. సెర్బియాలో డ్రైవర్ రక్తంలో ఆల్కహాల్ లీటరుకు 0.2 గ్రాములు దాటకూడదు. సెల్లార్‌లో ఒక్క గ్లాసు రుచి చూసినా ఆ గీత దాటేసే ప్రమాదం ఉంది.

పొద్దున ఊరు చూడండి. నడిబొడ్డున నాలుగు సింహాల ఫౌంటెన్, 1799 నాటిది. చుట్టూ 1762 నాటి సెయింట్ నికొలస్ కెథెడ్రల్, పాట్రియార్క్ (చర్చి పెద్ద) నివాసం, 1791లో పెట్టిన జిమ్నాసియం బడి, అన్నీ కూతవేటు దూరంలోనే. ఆ పైన చిన్న గుట్ట మీద శాంతి చాపెల్ (చిన్న ప్రార్థనా మందిరం) ఉంది. 1699 జనవరి 26న ఆటమన్ సామ్రాజ్యానికీ, ఆస్ట్రియా, పోలండ్, వెనిస్ కూటమికీ మధ్య సంధి కుదిరింది ఆ చోటే. ఎవరూ ఎక్కువా తక్కువా కాకుండా గుండ్రటి బల్ల చుట్టూ కూర్చున్నారని, అందరూ ఒకేసారి లోపలికి వచ్చేలా నాలుగు ద్వారాలు పెట్టారని చెప్తారు. తర్వాత కట్టిన చాపెల్‌కూ నాలుగు ద్వారాలున్నాయి.

మధ్యాహ్నం రెండు మూడింటికి సెల్లార్‌కు వెళ్లండి. ఇక్కడివి ఎక్కువగా కుటుంబాలు నడిపే చిన్న సెల్లార్లు. ముందురోజే ఫోన్ చేసి చెప్పాలి, కోత రోజుల్లో ఇంకా ముందు. ఒక రోజుకు రెండు సెల్లార్లు చాలు. మూడోదానికి వెళ్లేసరికి నాలుకకు తేడా తెలియదు. మొదటిసారి వెళ్లేవాళ్లకు జివనోవిచ్ కుటుంబపు సెల్లార్ మంచి ఎంపిక. అక్కడే తేనెటీగల పెంపకం మ్యూజియం కూడా ఉంది, తాగనివాళ్లకు తేనె రుచులు, పాత తేనెపెట్టెలు చూసే పని దొరుకుతుంది.

రుచి చూసే వరస తేలిక నుంచి బరువుకు సాగాలి. మొదట గ్రషాత్స్, ఫ్రుష్కా గోరాలో ఎక్కువగా కనిపించే తెల్ల ద్రాక్ష. పచ్చి ఆపిల్ పులుపు, చివర్లో చిన్న చేదు. తర్వాత గులాబీ వాసన వచ్చే ట్రమినాత్స్. ఎర్ర వైన్లలో తేలికైన పోర్తుగిజాత్స్, ఆ తర్వాత ఫ్రాంకోవ్కా, చివర్లో ముదురు రంగు ప్రోబుస్. ఈ ప్రోబుస్ కార్లోవ్‌త్సిలోనే, కదర్కా ద్రాక్షనూ కాబెర్నే సోవిన్యోనూ కలిపి పుట్టించిన రకం. పేరు రోమన్ చక్రవర్తిది. ఇక్కడికి దగ్గర్లోని సిర్మియమ్‌లో, అంటే ఇప్పటి స్రెమ్‌స్కా మిత్రోవిత్సాలో పుట్టిన ప్రోబస్ మూడో శతాబ్దంలో ఈ కొండల మీద ద్రాక్ష నాటించాడని చెప్తారు. 282లో సిర్మియమ్ దగ్గరే సొంత సైనికులు అతన్ని చంపేశారు. చిత్తడి నేలలు ఎండగట్టే పని చేయించడం వాళ్లకు నచ్చలేదట.

అన్నిటికన్నా చివర బెర్మెట్. వైన్‌లో ఇరవైకి పైగా మూలికలు, సుగంధద్రవ్యాలు నానబెట్టి చేసే తియ్యటి డ్రింక్. ఒక్కో ఇంటిది ఒక్కో రహస్యం. గ్లాసు ముక్కు దగ్గర పెట్టగానే లవంగం, దాల్చిన చెక్క, నారింజ తొక్క వాసనలు తగులుతాయి. నాలుక మీద ముందు తీపి, మింగాక మన మాచిపత్రి జాతికే చెందిన వర్మ్‌వుడ్ చేదు. ఆల్కహాల్ 16 నుంచి 18 శాతం ఉంటుంది, చిన్న గ్లాసుతో ఆపండి. పక్కన కూగ్లోఫ్ కేకు ముక్క ఉంటే ఇంకా బావుంటుంది. ఇది టైటానిక్ ఓడ మెనూలో ఉండేదన్న మాట ప్రతి సెల్లార్‌లోనూ వినిపిస్తుంది. దాన్ని ఊరి కథగా వినండి.

నచ్చని వైన్ పూర్తిగా తాగనక్కర్లేదు, పక్కన పెట్టిన పాత్రలో పారబోయొచ్చు. మధ్యమధ్య మంచినీళ్లు, రొట్టె తీసుకోండి. ఇంటి యజమానిని ఆ ఏడాది వానల గురించి, కోత గురించి అడగండి. ఆ ఒక్క ప్రశ్నతో ఆయన లోపలి గదిలోని పీపాల దాకా తీసుకెళ్లే అవకాశం ఉంది. వెళ్లేముందు ఒక సీసా అయినా కొనడం పద్ధతి.

8. ఫ్రుష్కా గోరా మఠాలు

మరుసటి రోజు టాక్సీ గానీ, గైడ్ ఉన్న కారు గానీ మాట్లాడుకోండి. మఠాలకు బస్సులు నమ్ముకుంటే రోజంతా రోడ్డు మీదే గడుస్తుంది. ఫ్రుష్కా గోరా 1960 నుంచి నేషనల్ పార్క్, సెర్బియాలో మొదటిది. ఇప్పటికీ పదహారు మఠాల దాకా నిలిచి ఉన్నాయి. అన్నీ చూడాలన్న ఆరాటం పెట్టుకోవద్దు, రెండు చాలు: క్రుషెదోల్, నోవో హోపోవో. క్రుషెదోల్‌ను 16వ శతాబ్దం మొదట్లో బ్రాంకోవిచ్ వంశస్థులు కట్టించారు. సెర్బియా రాజు మిలన్ ఒబ్రెనోవిచ్ సమాధి అక్కడే ఉంది. లోపల గోడలన్నీ చిత్రాలే, కళ్లు ఆ చీకటికి అలవాటు పడటానికి ఒక నిమిషం ఆగండి. నోవో హోపోవో చర్చి 1576 నాటిది, దాని గోపురం చుట్టూ ఉన్న సన్నటి స్తంభాలు బయటినుంచే ఆకట్టుకుంటాయి.

భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు వేసుకోండి. లోపల ఫోటో తీసేముందు అడగండి. నడక ఇష్టమైతే కార్లోవ్‌త్సి దగ్గరి స్ట్రజిలోవో గుట్టకు వెళ్లండి, కవి బ్రాంకో రాదిచెవిచ్ సమాధి అక్కడుంది. వియన్నాలో చిన్న వయసులోనే చనిపోయిన ఆయన అస్థికలను 1883లో ఇక్కడికి తెచ్చారు.

9. ఊళ్లో మిగిలిన పూట

నోవి సాద్‌ను సెర్బియన్ ఏథెన్స్ అంటారు. 1826లో పెస్ట్‌లో (ఇప్పటి బుడాపెస్ట్‌లో భాగం) పుట్టిన మాతిత్సా స్ర్‌ప్‌స్కా అనే సాహిత్య సంస్థ 1864లో ఈ ఊరికి మారింది. దాని చిత్రశాల తప్పక చూడాల్సింది. వోయ్‌వోదినా మ్యూజియంలో బెర్కసోవో దగ్గర దొరికిన బంగారు పూత రోమన్ శిరస్త్రాణాలున్నాయి. 1909లో కట్టిన సినగోగ్, అంటే యూదుల ప్రార్థనా మందిరం, ఇప్పుడు కచేరీ హాలు. లోపల కచేరీ ఉంటే టికెట్ కొనండి, ఆ ధ్వని కోసమైనా. నది గట్టు మీద నలుగురి కుటుంబం కంచు విగ్రహం కనిపిస్తుంది. 1942 జనవరిలో ఆక్రమణ సేనలు చంపిన యూదుల, సెర్బుల జ్ఞాపకం అది. ఈ ప్రాంతంలో ఆరు అధికార భాషలున్నాయి, ఆఫీసుల బోర్డుల మీద ఆ రాతలు గమనించండి.

10. సీసాలు ఇంటికి తేవడం

మన దేశంలోకి ఒక్కొక్కరు రెండు లీటర్ల దాకా మద్యం సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు, అంటే 750 మిల్లీలీటర్ల సీసాలు రెండు. ఒకటి బెర్మెట్, ఒకటి ప్రోబుస్ తీసుకోండి. రెండూ బెల్‌గ్రేడ్‌లో చెక్-ఇన్ లగేజీలోనే పెట్టాలి. చేతి సంచిలో పెడితే సెక్యూరిటీ దగ్గరే ఆపేస్తారు. సీసాను ముందు ప్లాస్టిక్ కవర్‌లో బిగించి, తర్వాత బీచ్ తువ్వాలులో చుట్టి, సూట్‌కేస్ మధ్యలో బట్టల నడుమ పడుకోబెట్టండి.